పది దినాల సెలవు

సరసమ్మ టీచర్ రాసిచ్చిన లీవు చీటీ హెడ్‌మాస్టర్ సెంగోడన్ గారి బల్ల సొరుగులో మూడు రోజులుగా పడి ఉంది. శుక్రవారం సాయంత్రం ఆయన దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "కారణం అన్న చోట ఊరు చూడటానికి అని రాశావేమమ్మా?" అని తమిళంలో అడగడం దగ్గర మనం కిందటి వారం ఆగాం.

ఆయన ప్రశ్నలో తప్పేమీ లేదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన జ్వరాలు చూశారు, చావులు చూశారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, పాముకాట్లు, కోర్టు వాయిదాలు చూశారు. ఏ కష్టమూ లేకుండా, బడి నడుస్తుండగా, నవంబరు నెలలో, ఒక టీచర్ భర్తతో కలిసి కన్యాకుమారి పోయి, అక్కడినుంచి సముద్రం పక్కనే ప్యాసింజర్ బండ్లలో మంగళూరు దాకా పోతామని, నచ్చిన ఊళ్ళో దిగి నచ్చినంతసేపు కూర్చుంటామని చెప్పడం ఆయన ఎన్నడూ వినలేదు. అందుకని ఆయనకు తోచిన ఉపాయం ఆయన చేశారు. "పిల్లల తల్లులు ఒప్పుకుంటే నేను సంతకం పెడతాను," అన్నారు.

బొమ్మిడి నుంచి బి. మల్లాపురం పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న కాలనీ బడి అది. నలభై మూడు మంది పిల్లలు, అయిదు క్లాసులు, హెడ్‌మాస్టర్‌తో కలిపి ఇద్దరు టీచర్లు. కాలనీలో అందరిదీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మగవాళ్ళు మేస్త్రీలు, ఆడవాళ్ళు చిత్తాళ్ళు. అంటే, మేస్త్రీకి ఇటుకలూ సిమెంటూ తట్టలతో మోసి అందించేవాళ్ళు.

వాళ్ళలో పెద్దామె పచ్చయమ్మాళ్. ఆమె సరే అంటే కాలనీ సరే అన్నట్టు. అందుకే శుక్రవారం ఇంటికి పోతూ సరసమ్మ టీచర్ కుళాయి దగ్గర ఆగి ఆమెనే అడిగింది. ఎప్పుడూ అందరిలాగే లీవు అనే మనిషి, ముసలామెకు ఇంగ్లీషు మాట ఎందుకని, తాను హోసూరు వైపు తెలుగు బడిలో చదువుకున్న రోజుల్లో బోర్డు మీద చూసిన మాటను గుర్తు తెచ్చుకుని మర్యాదగా అడిగింది.

"అవ్వా, నాకు పది దినాల సెలవు కావాల. మీరంతా మనసు పెట్టి ఇయ్యాల."

పచ్చయమ్మాళ్ బిందె కింద పెట్టింది. టీచర్‌ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. తడి చేతులతోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నన్నా నువ్వు అడిగేది, కన్నూ?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇయ్యకుండా ఉంటామా! రెండు దినాలు టైము ఇయ్యి."

ఒక లీవుకు ఇంత కరిగిపోయే మనుషులు ఎక్కడుంటారు అనుకుంటూ సరసమ్మ టీచర్ ఆ సాయంత్రం ఇల్లు చేరింది.

ఆ తర్వాత రెండు రోజులు లోకం ఆమె పట్ల మరీ మంచిగా నడుచుకుంది. శనివారం సంతలో సెల్వరాణి ఎదురై, ఆమె చేతిలోని కూరల సంచీ లాక్కుని, "మీరు మొయ్యకూడదు టీచర్," అని బస్సు దాకా మోసింది. సెల్వరాణి పచ్చయమ్మాళ్ కోడలు, బడి కమిటీకి అధ్యక్షురాలు, ఒకరి సంచీ ఊరికే మోసే రకం కాదు. ఆదివారం షేర్ ఆటో అతను ప్రతి గుంట దగ్గరా బండి ఆపినంత పని చేశాడు. బొప్పాయి కొనబోతే పండ్లామె ఇవ్వనంది. పక్కనున్న జామకాయలు చూపించి, "ఇవి తిను తల్లీ," అంది.

ఇక భర్త మాదేష్ సంగతి. కృష్ణగిరి దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అతను బాయిలర్ చూస్తాడు. పదిహేను రోజులకు ఒకసారి ఇంటికి వస్తాడు. ఆదివారం పొద్దున టీ తాగడానికి పోయిన మనిషి అరగంటకు వచ్చి, మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుతూ, "సరసా, టీ అంగట్లో నా దగ్గర టీకి దుడ్డు తీసుకోలేదు," అన్నాడు.

"ఎందుకంట?"

"ఎందుకో తెలీదు. ఇద్దరు ముగ్గురు వచ్చి భుజం తట్టినారు. ఒకడు, మామా, బాయిలరు ఇంకా చల్లారలేదు అని నవ్వినాడు. చల్లారింది కదప్పా, నవంబరు కదా, అని నేను చెప్పినాను. అంగడంతా విరగబడి నవ్వింది."

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కాసేపు ఆలోచించారు. ఏమీ తోచలేదు. సేలంలో నర్సింగు చదువుతున్న కూతురికి ఫోన్ చేసి మాట్లాడి, ప్రయాణానికి ఏ సంచీ సరిపోతుందో చూసుకున్నారు. శుక్రవారం సాయంత్రం బండి.

సోమవారం తెల్లవారుజామునే వాన పట్టుకుంది. పని వ్యాను రాలేదు. అదియమాన్‌కోట్టై దగ్గర వాళ్ళు కడుతున్న కల్యాణ మండపం గోడలు ఆ రోజుకు అంతే ఎత్తు. తొమ్మిదిన్నరకు ప్రార్థన అయిందో లేదో, గొడుగులూ ప్లాస్టిక్ సంచులూ నెత్తిన వేసుకుని ఆడవాళ్ళు ఇరవై మంది దాకా బడి వరండాలోకి వచ్చేశారు. ముందు పచ్చయమ్మాళ్, చంకలో పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ మూట. వెనక సెల్వరాణి. అందరికన్నా వెనక, స్తంభానికి ఆనుకుని, పచ్చయమ్మాళ్ కూతురు తమిళ్‌సెల్వి.

పిల్లలను లోపల లెక్కలకు కూర్చోబెట్టి సరసమ్మ టీచర్ బయటికి వచ్చింది. సెంగోడన్ గారికి కుర్చీ వేశారు. మధ్యాహ్నం భోజనం వండే అంగమ్మాళ్ పొయ్యి వదిలి గరిటెతోనే వచ్చి నిలబడింది. వాన చినుకు పడుతున్న చోట నిలబడిన టీచర్‌ను ఎవరో చెయ్యి పట్టి పొడి నేల మీదికి జరిపారు.

పచ్చయమ్మాళ్ నేల మీద చతికిలబడి మూట విప్పింది. వాన వాసన మధ్యలోకి గుప్పున ఘాటు వచ్చింది. శొంఠి కొమ్ములు, మిరియాలు, పిప్పళ్ళు, వాము, ధనియాలు, జీలకర్ర, పసుపు కొమ్ములు, వెల్లుల్లి. దేనికది చిన్న చిన్న పొట్లాలు కట్టి ఉన్నాయి.

"ఇంద కన్నూ, సెలవు," అంది. "బి. మల్లాపురం నాటు మందుల అంగట్లో తెచ్చినాను. వాడు ఏరకుండా ఇస్తాడు, నేనే కూచోని ఏరినాను. పది దినాలకు సరిగ్గా ఉంటాది. దినం ఒక పిడికెడు దంచి చారు కాంచుకో. కాన్పు అయినాక ఇంకొక మూట ఇస్తాను. ఇది అమ్మింటి నుంచి రావల్సింది. నీకు అమ్మ లేదు. నన్ను అడిగినావు. నేను ఉండేటప్పుడు నీకేం తక్కువ?"

సరసమ్మ టీచర్ మూటవైపు చూసింది. ముసలామె ముఖంవైపు చూసింది. సంతలో సంచీ, ఆటో, బొప్పాయి, బాయిలరు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె మనసులో వరసగా నిలబడ్డాయి. చెవులు వేడెక్కాయి.

ఈ వైపు తమిళంలో సెలవు అంటే ఖర్చు. పెద్ద ఆడవాళ్ళ నోట్లో అయితే కడుపుతో ఉన్నామెకూ, పిల్లను కన్న తల్లికీ పెట్టే ఈ మందు దినుసులకే ఆ పేరు. కాలనీ తెలుగులో కూడా ఆ మాటకు ఆ అర్థమే మిగిలింది. బడికి రాకుండా ఉండటాన్ని ఇక్కడ పుట్టిన పిల్ల కూడా లీవు అనే అంటుంది. అందరికీ తెలిసిన ఇంగ్లీషు మాటను వద్దనుకుని, ఎవరికీ తెలియని తెలుగు మాటను ఆమె మర్యాద కోసం వాడింది. నలభై ఒక్కేళ్ళ మనిషి, కూతురు నర్సింగు రెండో ఏడు చదువుతున్న మనిషి, నాకు కాన్పు మందు కావాలని కుళాయి దగ్గర నిలబడి అడిగింది!

సెంగోడన్ గారికి ఆ దినుసులు చూడగానే సంగతి అర్థమైంది. ఆయన ముఖం వికసించింది. "ఇదా! మరి ఊరు చూడటానికి అని రాశావేమమ్మా, సిగ్గుపడి? దీనికి పది దినాలెందుకు? రూలు ప్రకారం నెలల తరబడి ఇస్తారు. వేరే చీటీ రాసియ్యి," అన్నారు తమిళంలో. చిక్కు విడిపోయినవాడి సంతోషం అది.

సరసమ్మ టీచర్‌కు ఒక దారి కనిపించకపోలేదు. నవ్వి ఊరుకుంటే చాలు. పది దినాలకు ఎవరూ అడ్డం చెప్పరు. తిరిగి వచ్చాక, అయ్యో, అట్లా కాదులే అని ఏదో ఒకటి చెప్పవచ్చు. కానీ పచ్చయమ్మాళ్ వేళ్ళు చూసింది. గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు ఉంది. కూర్చుని ఏరిన చేతులు అవి.

ఆమె కూడా నేల మీద కూర్చుంది, ముసలామెకు ఎదురుగా.

"అవ్వా, నేను కడుపుతో లేను."

ఇరవై జతల కళ్ళు ఆమె కడుపు మీదికి దిగాయి.

"నేను అడిగింది లీవు. బడికి లీవు. మా ఊరి తెలుగులో దాన్ని సెలవు అంటారు. నేను అట్లా అడిగేసినాను."

అందరికన్నా ముందు నవ్వింది అంగమ్మాళ్. గరిటె కింద పడేసి, గోడ పట్టుకుని నవ్వింది. దాంతో వరండా అంతా పగిలింది. "నేను ఊరంతా చెప్పేసినాను!" అని ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా ఇంటాయన మాదేషన్న భుజం తట్టి వచ్చినాడే!" అని ఇంకొకామె. "ఆటో ఓడు బండి తోసుకోని పోయినాడంట టీచర్‌కోసరం!" సరసమ్మ టీచర్‌కు కూడా నవ్వు ఆగలేదు. లోపల లెక్కలు చేస్తున్న పిల్లలు ఎందుకో తెలియకుండానే కిటికీ దగ్గరికి వచ్చి నవ్వారు. తమిళంలో ఒకరు వివరించి చెప్పాక సెంగోడన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నవ్వని వాళ్ళు ఇద్దరే. పచ్చయమ్మాళ్ పొట్లాలు ఒక్కొక్కటే మళ్ళీ మూటలో సర్దుతోంది. సెల్వరాణి లేచి నిలబడింది.

"సరే, నవ్వింది చాలు," అంది సెల్వరాణి. "అయితే లీవు దేనికి టీచర్?"

"ఊరు చూసేదానికి."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"ఎవురన్నా పోయినారా? మొక్కు ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు సెల్వరాణీ. పోవాలని ఉంది, అంతే. మా ఆయనా నేనూ."

ఆ మాట వరండాలో వింతగా వినిపించింది. కడుపని అనుకున్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడు ఆడవాళ్ళ ముఖాల్లో కనిపించింది, తమ ముందు ఎవరో కొంగు జార్చినట్టు.

"కడుపయితే ఒక ఏడాది పొండి, మేము నోరు తెరవము," అంది సెల్వరాణి. "జ్వరమయితే మేమే వచ్చి గంజి కాంచి పోస్తాము. బాగుండే మనిషి, బడి నడిచేటప్పుడు, ఊరు చూసేదానికి పోతానంటే నేనేమి చెప్పేది? మాకు లీవు అంటే వాన, టీచర్. ఇదో, ఇట్లా కురిస్తే లీవు. అది మేము అడిగింది కాదు. ఎప్పుడు వస్తాదో తెలీదు, వచ్చిన దినం ఎక్కడికీ పోలేము, తడస్తాము."

కొందరు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయారు.

"మే నెలంతా బడికి లీవే కదా? అప్పుడు పొండి. ఎవురు వద్దన్నారు?"

"మే నెల్లో మా ఆయన బాయిలరు దగ్గర ఉంటాడు," అంది సరసమ్మ టీచర్. "ఏప్రిల్లో మొదలయితే ఆగస్టు దాకా మామిడికాయ వస్తానే ఉంటాది. కాయ మాగితే ఆగదు కదా. ఆ తర్వాత జామకాయ. డిసెంబర్లో మిషన్లు విప్పి రిపేరు. ఆ బాయిలరు చల్లారి ఊరికే ఉండేది నవంబర్లోనే. నాకు లీవు ఉన్నప్పుడు ఆయనకు లేదు, ఆయనకు ఉన్నప్పుడు నాకు లేదు. ఇరవై ఏళ్ళు."

"కాపురం చేసినారా, షిఫ్టు మార్చుకున్నారా?" అంది అంగమ్మాళ్.

మళ్ళీ నవ్వులు. ఈసారి సెల్వరాణి పెదవి చివర కూడా కొంచెం కదిలింది. కాలనీ ఆడవాళ్ళు మామిడి కాలంలో ఆ ఫ్యాక్టరీలకు కాయ ఏరడానికి పోయిన వాళ్ళే. ఆ వేడి వాళ్ళకు తెలుసు. కానీ ఆమె అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"నా కొడుకు జూన్లో అక్షరం చూస్తే పారిపోతా ఉన్నాడు," అంది. గొంతు కొంచెం తగ్గింది. "పోయిన వారం బస్సు బోర్డు చదివినాడు. పాప్పిరెడ్డిపట్టి అని ఒకొక్క అక్షరం కూడబలుక్కోని చదివినాడు. బస్సు పోయింది, మేము ఎక్కలేదు. వాడు చదవాలని నిలబడిపోయినాము. అది మీరు చేసింది. మీరు ఎనిమిది బడి దినాలు లేకపోతే సార్ ఒకరే అయిదు క్లాసులు చూడాల. సార్ దినం ఇడిచి దినం ఆఫీసుకు పోతారు. పిల్లోళ్ళు మరిచిపోతారు టీచర్. మా పిల్లోళ్ళకు ఇంట్లో గుర్తు చేసే వాళ్ళు లేరు."

సెంగోడన్ గారు దగ్గారు. ఆఫీసు మాట నిజమే.

సరసమ్మ టీచర్‌కు సమాధానాలు లేకపోలేదు. వేసవి సెలవుల్లో తాను ట్రైనింగులకు పోయిన రోజులు, ఓటరు లిస్టు పట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగిన రోజులు, పిల్లలను బడిలో చేర్చమని ఇదే కాలనీలో గుమ్మం గుమ్మం దగ్గర నిలబడిన రోజులు చెప్పవచ్చు. నోటి దాకా వచ్చాయి. కానీ బస్సు బోర్డు ముందు నిలబడిపోయిన తల్లీ కొడుకుల ముందు ఆ లెక్కలు చెప్పడం ఆమెకు చిన్నతనంగా తోచింది.

"నువ్వు చెప్పింది నిజం," అంది. "నేను పోతే పిల్లలకు నష్టమే. లేదని చెప్పను. పోకపోతే నాకేమీ కాదు, అది కూడా నిజం. అయినా అడుగుతా ఉండాను. కష్టం వచ్చినప్పుడు మాత్రమే లీవు అడగాలంటే, నాకు లీవు కావాలనుకున్నప్పుడల్లా కష్టం రావాలని కోరుకోవాల కదా? అట్లా కోరుకోవడం నాకు ఇష్టం లేదు."

ఎవరో పక్కామెకు ఆ మాటను మెల్లగా తిరిగి చెప్పారు.

సెల్వరాణి చూరు నుంచి కారే నీళ్ళవైపు చూసింది. "మా పనిలో ఒక పద్ధతి ఉంది," అంది. "మేస్త్రీ దగ్గర ఎవురన్నా పని మధ్యలో పోవాలంటే మాట్రాళు పెట్టి పోవాల. బదులు మనిషి. మనంత పని చేసే మనిషిని తెచ్చి నిలబెడితే, ఎందుకు పోతా ఉండావని మేస్త్రీ అడగడు. అడగకూడదు. చావుకు పోయినా, సినిమాకు పోయినా అది మన ఇష్టం. మీరూ మాట్రాళు పెట్టి పొండి. నేను కారణం అడగను. ఇంకెవురన్నా అడిగితే నేను ఊరుకోను."

సరసమ్మ టీచర్ ఆ పిల్లవైపు కొత్తగా చూసింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. లీవు చీటీలో కారణం అనే గడి ఒకటి ఉంది. ఈ అమ్మాయి పద్ధతిలో అది లేదు. అందులో ఉన్న గౌరవం ఆమెకు అర్థమైంది.

"అడిగింది న్యాయం," అంది.

అప్పుడామె పచ్చయమ్మాళ్ వైపు తిరిగింది. ముసలామె మూట ముడి వేసి ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"అవ్వా, నాకు లీవు దొరకకపోయినా బాధ లేదు. నీ దగ్గర ఇట్లా అయిందే అని బాధ."

"నాకేం బాధ?" అంది పచ్చయమ్మాళ్. "టీచరమ్మ నన్ను అమ్మ స్థానంలో అడిగిందని మూడు దినాలు వీధిలో తల ఎగరేసుకోని తిరిగినాను. ఆ మూడు దినాలు ఎవురన్నా వెనక్కి తీసుకుంటారా?" ఆమె మూటను టీచర్ ఒడిలోకి తోసింది. "పెట్టుకో. కడుపుతో ఉండేవాళ్ళే తాగాలని ఎవురు చెప్పినారు? సముద్రం గాలికి జలుబు చేస్తాది. మీ ఆయనకు కూడా చారు కాంచి పొయ్యి. ఆ బాయిలరు దగ్గర ఎండిపోయినాడు."

"పొయ్యి మళ్ళా అంటుకుంటాదేమో చూసుకో టీచర్!" అంది అంగమ్మాళ్. ఆమెను ఇద్దరు ముగ్గురు కలిసి వంటింట్లోకి తరిమారు. అన్నం మాడు వాసన అప్పటికే వస్తోంది.

సరసమ్మ టీచర్ మూట తీసుకుని కళ్ళకు అద్దుకుంది. అమ్మ పోయి పదహారేళ్ళు. ఇంత ఘాటైన వస్తువు మధ్యలో కళ్ళు చెమర్చినా ఎవరూ కారణం అడగరు కదా అని ఆమెకు కొంచెం ధైర్యంగా ఉంది.

"మాట్రాళు అంటే, ఆఫీసు వాళ్ళు పంపరు," అన్నారు సెంగోడన్ గారు. ఆయనకు తెలుగు రాకపోయినా మాట్రాళు తమిళమే కాబట్టి అంతవరకు అందుకున్నారు. "ఎనిమిది దినాలకు ఎవరినీ పంపరు."

"ఆఫీసు ఎందుకు?" అంది పచ్చయమ్మాళ్. "మా ఇంట్లో లేదా టీచరు?"

అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. స్తంభం దగ్గర తమిళ్‌సెల్వి ఇంకొంచెం స్తంభం చాటుకు జరిగింది.

కాలనీలో పన్నెండో క్లాసు దాటిన మొదటి ఆడపిల్ల తమిళ్‌సెల్వి. టీచర్ ట్రైనింగు రెండేళ్ళూ చదివి పాసయింది. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. పరీక్షలు రాసింది, పోస్టు రాలేదు. మొదట్లో సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ధర్మపురి తిరిగింది. తర్వాత వదినతో కలిసి వ్యాను ఎక్కింది. వేళ్ళ చివర్లు సిమెంటుకు తెల్లబారి ఉన్నాయి. ఇంతసేపూ మాట్రాళు గురించి మాట్లాడిన సెల్వరాణి ఆడబిడ్డ వైపు ఒక్కసారి కూడా చూడలేదని సరసమ్మ టీచర్‌కు ఇప్పుడు గుర్తుకొచ్చింది. చూడకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడిందో కూడా తెలిసింది.

"అవునే! తమిళ్‌సెల్వి ఉందే!" అని నలుగురు అన్నారు. "సరిపోయింది పో!"

"నేను రాను," అంది తమిళ్‌సెల్వి.

"ఏమే?" అంది తల్లి.

"ఊరుకో అమ్మా." ఆమె టీచర్ వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో. "మీరు పోవడం నాకు ఇష్టమే టీచర్. పోవాల కూడా. కానీ పది దినాలు ఆ కుర్చీలో కూచోని, పిల్లోళ్ళు నన్ను టీచర్ అని పిలిచి, పదకొండో దినం మళ్ళా నేను తట్ట ఎత్తాలంటే నా చేత కాదు. తట్ట ఎత్తే అలవాటు చేసుకునేదానికి నాకు మూడేళ్ళు పట్టింది. దాన్ని పది దినాల కోసరం పోగొట్టుకోలేను."

సెల్వరాణి తల వంచుకుంది.

సరసమ్మ టీచర్ మెల్లగా అడిగింది. "మరి ఎన్ని దినాలకయితే వస్తావు?"

తమిళ్‌సెల్వి కిటికీ వైపు తిరిగింది. లోపల రెండో క్లాసు పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఎక్కాలు అందుకున్నారు.

"మీరు తిరిగి వచ్చినాక కూడా ఉండేటట్టయితే వస్తాను," అంది. "మీకు మాట్రాళుగా కాదు. మీ పక్కన."

సెంగోడన్ గారికి ఎవరో తమిళంలో చెప్పారు. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. "మూడో పోస్టు ఒకటి ఈ బడికి ఉంది," అన్నారు నిదానంగా. "రెండేళ్ళుగా ఖాళీ. కమిటీ తీర్మానం చేసి అడిగితే, తాత్కాలికంగా మనమే ఒకరిని పెట్టుకోనిస్తారు. నేను అడగలేదు. అడిగితే తిరగాలి, కాగితాలు రాయాలి. ఇంకో ఏడాదిన్నరలో రిటైరయ్యేవాడిని, నాకెందుకనుకున్నాను." ఆయన ఆడవాళ్ళ వైపు చూడలేకపోయారు. "తప్పే."

"ఇప్పుడు అడగండి సార్," అంది సెల్వరాణి తమిళంలో.

"అడుగుతాను. కానీ ఇట్లాంటివన్నీ నెలకొకసారే తీసుకుంటారు. ఈ నెలది వచ్చే సోమవారం, ధర్మపురిలో. తీర్మానం మీద సంతకం పెట్టిన టీచర్ స్వయంగా వచ్చి, ఇద్దరితో ఈ బడి నడవదని ఆఫీసర్ ముందు చెప్పాలి. నేను చెబితే చాలదు. నేను హెడ్‌మాస్టర్ని, నా బడికి మనిషి కావాలని నేను ఎప్పుడూ అంటాననుకుంటారు." ఆయన ఆగారు. "ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేను."

వచ్చే సోమవారం. ఆ రోజుకు సరసమ్మ టీచర్ కన్యాకుమారిలో మూడో రోజు కాఫీ తాగుతూ ఉండాలి.

అందరికీ ఆ సంగతి ఒకేసారి తట్టినట్టుంది. ఎవరూ ఆమె ముఖంలోకి చూడలేదు. అట్లా చూడకుండా ఉండటం కూడా వాళ్ళు ఆమెకు చేసిన ఒక మర్యాదే.

"మీరు పొండి టీచర్," అంది తమిళ్‌సెల్వి. "నాకు అలవాటే."

సరసమ్మ టీచర్ లేచింది. చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకుంది. "సార్, తీర్మానాల పుస్తకం ఇటియ్యండి," అంది.

"సంతకం పెడితే రావాల్సిందేనమ్మా. తర్వాత కుదరలేదంటే ఈ పిల్లకే చెడ్డపేరు."

"తెలుసు సార్."

ఆమె కిటికీ గట్టు మీద పుస్తకం పెట్టుకుని, నిలబడే రాసింది. రాసి సంతకం చేసింది. కింద సెల్వరాణి తన పేరు పెద్ద పెద్ద తమిళ అక్షరాల్లో రాసింది. వరండాలో ఒక్కసారిగా మాటలు మొదలయ్యాయి. పచ్చయమ్మాళ్ కూతురి వీపు మీద ఒకటి వేసి, వెంటనే ఆ వీపే నిమిరింది.

సరసమ్మ టీచర్ ఆ సందడిలోంచి తప్పుకుని బడి వెనకకు, వంటింటి చూరు కిందికి వచ్చింది. ఇన్నేళ్ళూ ప్రయాణం ఆగింది బాయిలరు వల్ల. ఎన్నిసార్లు ఆగినా మాదేష్ ముఖం చిన్నబుచ్చుకుని చెప్పేవాడు, ఆమె పోనీలే అనేది. మొదటిసారి అది తన వల్ల ఆగబోతోంది. ఆ పోనీలే అతని నోటి నుంచి ఎట్లా వస్తుందో ఆమెకు తెలియదు.

ఫోన్ తీసి నంబరు నొక్కింది. రెండో రింగుకే మాదేష్ ఎత్తాడు. ఆమె నోరు తెరిచేలోపే, గొంతు తగ్గించి, పక్కన ఎవరో ఉన్నట్టుగా అన్నాడు.

"సరసా, నీకొకటి చెప్పాల. కోపం చేసుకోకూడదు. టికెట్ల సంగతి."